ఆండాలు పెరుగుబండి

ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో ఆండాలు కోపం తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు నిన్నగాక మొన్న అద్దెకు దిగినవాళ్లయి ఉండాలి. బర్రె పాలు చేపకపోతే ఆమెకు కోపం. చేపలేదని ఎవరైనా బర్రె మీద చెయ్యి వేస్తే అంతకు రెట్టింపు కోపం. అయితే కోపమొస్తే అందరిలా అరవదు, గొంతు తగ్గిస్తుంది. ఆ గొంతు తగ్గిందంటే ఇంట్లోని ముగ్గురు అన్నదమ్ములూ మూడు దిక్కులకు జారుకుంటారు.

ఆ శనివారం పొద్దున్నే ఆమె గొంతు మరీ తగ్గిపోయింది.

వాకిట్లో ఉన్న తెల్లకారు తాళం తిప్పింది. స్టార్టరు గిరగిరా తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు. మళ్లీ తిప్పింది. మళ్లీ అదే గిరగిర. మూడోసారి తాళం సగమే తిప్పి, ఊపిరి బిగబట్టి విన్నది. రోజూ అలా సగం తిప్పగానే వెనక నుంచి సన్నగా గుర్రుమని ఒక చప్పుడు వస్తుంది, ఒక్క క్షణం మోగి ఆగిపోతుంది. ఆ చప్పుడు ఈరోజు లేదు. ఏదో పోయిందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఇంజన్ గయా వదినె," అన్నాడు చిన్న మరిది శ్రవణ్, పళ్లు తోముకుంటూ వచ్చి. వాడి ముఖంలో బాధ వెతికినా లేదు. "బాపు చెప్పిన మాట యాదికున్నది గదా. పాత సామాను కొనే కబాడీకి ఫోన్ చేస్త. సాయంత్రం వచ్చి గుంజుకపోతడు."

బాపు అంటే ఆండాలు మామ. పోయేముందు ముగ్గురు కొడుకులనూ మంచం పక్కన కూర్చోబెట్టుకుని, "కారు నడిచినన్నాళ్లు ముగ్గురిది. ఆగిపోయిననాడు అమ్మి పంచుకోండ్రి" అని చెప్పి పోయాడు. ఆ మాట శ్రవణ్‌కు బాగా నచ్చింది. కారు జాగాలో రేకుల షెడ్డు వేసి తన కొత్త బండి పెట్టుకోవాలని వాడి ఆశ. రెండోవాడు బాలకిషన్‌కు షెడ్డూ వద్దు, కారూ వద్దు, పంచుకోవడం ఒక్కటి చాలు.

"నడుస్తది," అంది ఆండాలు, మెల్లగా.

"నడవకపోతే?"

"సాయంత్రందాక టైమున్నది గదరా. నోరు కడుక్కొని రాపో."

కారు పోతే ఆ ఇంట్లో మిగతావాళ్లకు పోయేదేమీ లేదు. పెద్దవాడు రామ్‌చందర్, అంటే ఆండాలు మొగుడు, స్కూటరు మీద ఇంటింటికీ పాలు పోసి వస్తాడు. తమ్ముళ్లకు ఎవరి బండ్లు వాళ్లకున్నాయి. కారు పోతే పోయేది ఆండాలు పెరుగు. ఆమె చేతి గడ్డపెరుగు మట్టి కుండల్లో కంచన్‌బాగ్ క్వార్టర్ల దాకా, చాంద్రాయణగుట్ట ఫంక్షన్ హాళ్ల దాకా పోతుంది. రాత్రి తోడు వేసిన కుండ తెల్లారేదాకా ఆమె గదిలో, ఎండుగడ్డి మీద, వెచ్చగా, కదలకుండా కూర్చోవాలి. పొద్దున అంతే కదలకుండా భోజనాల దగ్గరికి చేరాలి. ఒకసారి ఆటోలో పంపి చూసింది. గుంతలన్నీ దాటి దిగేసరికి కుండల్లో మజ్జిగ తేలింది. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, కుండ వంచి నీళ్లు పారబోసి చూపించింది. ఆ అవమానం ఆండాలుకు ఇప్పటికీ ఒంటి మీద చింతబరికెతో కొట్టినట్టే ఉంటుంది.

ఆమెకు కారు నేర్పింది బాపే. తనను ఆస్పత్రికి తీసుకుపొమ్మంటే కొడుకులు ముగ్గురూ "నువ్వు పో అంటే నువ్వు పో" అని వాదులాడుకుంటుంటే, ముసలాయనకు ఒళ్లు మండి పెద్దకోడలిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. వెనక సీటు ఊడదీసి అటక మీద పడేసి, ఆ జాగాలో గోనెసంచులు పరిచి, వాటి మీద పెరుగుకుండ పెట్టాడు. "పెరుగు ఇరగకుండ స్టేషన్ చుట్టు తిప్పుకరా. బ్రేకు తొక్కెటోడు డ్రైవర్ గాదు బిడ్డా. ముంగటనే చూసి కాలు తీసెటోడు డ్రైవర్," అన్నాడు. ఎన్ని కుండల పెరుగు విరిగిందో ఎవరికీ తెలియదు. ఇల్లంతా నెలల తరబడి చల్ల తాగింది. చివరకు ఒకరోజు కుండ తీసి గరిటె గుచ్చితే గరిటె నిలబడింది. ఆనాటి నుంచీ ఆ కారు సందులో నడిస్తే వెనకున్న సైకిళ్లు కూడా దాటుకుపోతాయి. జనం నవ్వుతారు. నవ్వనీ, పెరుగు నవ్వదు కదా.

ఈ ఆదివారం మధ్యాహ్నానికి కంచన్‌బాగ్‌లో హైమవతి గారింటికి కుండలు చేరాలి. వాళ్లది కోస్తావైపు. ఆమె భర్త రాధాకృష్ణమూర్తికి అక్కడి ల్యాబులో ఉద్యోగం. కొత్తగా పెళ్లయిన కొడుకు శ్రీవత్స చేత సత్యనారాయణ వ్రతం చేయిస్తున్నారు. బంధువులంతా దిగారు. పాలు చెప్పడం అయింది, కుండలు కడిగి ఎండబెట్టడం అయింది. ఇప్పుడు కారు మొరాయించింది.

ఆండాలు కిందికి దిగలేదు. ముల్లు చూసింది. పెట్రోలు ముల్లు అడుగుకు ఆని పడుకుని ఉంది. నిన్న సాయంత్రం రేపటి పనికని కాస్త ఎక్కువే పోయించుకుని వచ్చింది. అదెక్కడ పోయింది? ఒళ్లు భగ్గుమంది ఆమెకు.

ఆ ఇంటి పద్ధతి చెబితే గానీ ఈ మంట అర్థం కాదు. ఆ ఇంట్లో పాలకు కొలత ఉంది. కరెంటుకు ఎవరి మీటరు వాళ్లకుంది. బర్రెల గడ్డికి వాటా ఉంది. కారుకు మాత్రం ట్యాంకు ఒక్కటే అయి కూర్చుంది. అందుకని ఎవరు కారు తీసినా తమ పనికి సరిపడా పోయించుకోవడం, తిరిగి వచ్చేసరికి ముల్లు అడుగుకు ఆనేలా చూసుకోవడం. మిగిల్చి వచ్చినవాడు వెర్రివాడి కింద లెక్క. బాలకిషన్ ఒకసారి లెక్క తప్పి, మలుపు దగ్గర పెట్రోలు అయిపోయి, చెమటలు కక్కుతూ ఇంటిదాకా కారు తోసుకొచ్చాడు. సిగ్గుపడలేదు సరికదా, తమ్ముడికి ఒక్క చుక్క దక్కనీయలేదని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అన్నారా?

ఇంతవరకైతే ఆండాలు సహించేది. కానీ కొన్నాళ్లుగా ఆమె పోయించిన పెట్రోలు తెల్లారేసరికి మాయమవుతోంది. దాని మీద ఎన్ని శాపనార్థాలు పెట్టిందో లెక్కలేదు. ఆరోజు మరిదులిద్దరినీ వాకిట్లోకి పిలిచింది.

"ఎవరు గుంజిండ్రు?"

"నాకేం తెల్వదు వదినె," అన్నాడు బాలకిషన్.

"నా బండి మస్తు మైలేజ్ ఇస్తది. నాకెందుకు నీ పెట్రోల్?" అన్నాడు శ్రవణ్.

"వాడు గాదు, వీడు గాదు. బర్రెలు తాగినయా మరి?"

రామ్‌చందర్ పాలు పోసి అప్పుడే స్కూటరు దిగాడు. "పొద్దుపొద్దున లొల్లి ఎందుకే," అన్నాడు, పెళ్లాం వైపు చూడకుండా. "పాతదయింది. ఇడిసిపెట్టు." డబ్బా పట్టుకుని తానే బంకుకు నడిచిపోయి పెట్రోలు తెచ్చి పోశాడు కూడా. అడగకుండానే మొగుడు పని చేసినందుకు ఆండాలుకు వింతగా అనిపించింది గానీ, ఆ కోపంలో దాని గురించి ఆలోచించలేదు. పెట్రోలు పోసినా కారు కదలలేదు. స్టార్టరు తిరిగి తిరిగి అలసిపోయింది.

అప్పుడు ఛత్రినాక నుంచి ఖదీర్ భాయ్ వచ్చాడు. బాపు కాలం నుంచి ఆ కారును చూసేది అతనే. మంచి పనివాడే గానీ, ఒకరు చెబితే వినడమంటే అతనికి చిన్నతనం.

"బ్యాటరీ," అన్నాడు బానెట్ ఎత్తకముందే.

"బ్యాటరీ గాదు భాయ్. స్టార్టర్ తిరుగుతున్నది గదా. ఎనక గుర్రు ఇనొస్తలేదు."

"నక్కో అక్కా, వద్దు. నువ్వు పెరుగు చూసుకో, నేను బండి చూసుకుంట."

ఆండాలు నోరు మూసుకుంది. పళ్లు కొరుక్కుంటూ మూసుకుంది. ఖదీర్ వేరే బ్యాటరీ తెచ్చి తగిలించాడు, పని కాలేదు. ప్లగ్గులు విప్పి తుడిచి బిగించాడు, పని కాలేదు. పొద్దెక్కింది. శ్రవణ్ అరుగు మీద కూర్చుని ఫోన్లో కబాడీవాడితో బేరం మాట్లాడుతున్నాడు, ఆమెకు వినబడేటట్టుగానే. ఆ మాటలు ఒక్కొక్కటీ వింటుంటే ఆమెకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. మరిది కాబట్టి ఆగింది.

"భాయ్," అంది చివరకు. గొంతు బాగా కిందికి వచ్చింది. "నా చెవి మీద ఒట్టు. ఒక్కసారి నా మాట ఇను. తాళం సగం తిప్పుత. నువ్వు ఎనక తల పెట్టు."

ఆ గొంతు ఖదీర్‌కూ తెలుసు. మారు మాట్లాడకుండా వెనక గోనెసంచుల మీద తల ఆనించాడు. ఆమె తాళం సగం తిప్పింది. ఏమీ లేదు. ఇంకోసారి. ఏమీ లేదు. అతను లేచి గడ్డం గోక్కున్నాడు.

"హా. చప్పుడు లేదు. పెట్రోల్ పంపు ఉంటది గదా, ట్యాంకుల, గది మోగాలె. ఫ్యూజ్ పోయిందో, పంపే పోయిందో."

"నేను పొద్దుటి సంది గదే మొత్తుకుంటున్న."

"నువ్వు గుర్రు అన్నవ్. పంపు అన్లేదు," అన్నాడు ఖదీర్, ఓడిపోవడం ఇష్టం లేక.

ఫ్యూజు తీసి చూశాడు, బాగానే ఉంది. దాని పక్కన, పంపుకు కరెంటు అందించే రిలే మార్చి చూశాడు, అదీ బాగానే ఉంది. రోకలి అడిగాడు. దానికి గోనెపట్టా చుట్టి, కారు కిందికి దూరి, "తిప్పు" అని ట్యాంకు అడుగున గట్టిగా తట్టాడు. గుర్రుమంది. ఇంజను అందుకుంది. ఆండాలు గుండె కూడా దాంతోపాటే లేచింది. నాలుగు ఊపిర్లు తీసే లోపల ఇంజను దగ్గి ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత తట్టినా పలకలేదు.

"సచ్చేటోడు ఒక్కసారి కండ్లు తెరిసినట్టు," అన్నాడు కింది నుంచి ఖదీర్.

"నువ్వు సావు ముచ్చట్లు బంద్ చెయ్యి భాయ్. పని చెయ్యి."

గోనెసంచులు తీశారు. సీటు ఎప్పుడో తీసేసి ఉంది కాబట్టి, ఇనుప నేల మీద గుండ్రటి మూత ఎదురుగానే కనబడింది. మూత విప్పి, పంపుకు వెళ్లే వైర్ల కట్ట ఊడదీసి, అక్కడ చిన్న బల్బు తగిలించాడు. ఆమె తాళం తిప్పగానే బల్బు వెలిగి, ఒక్క క్షణం ఉండి, ఆరిపోయింది.

"కరెంట్ బరాబర్ వస్తున్నది," అన్నాడు ఖదీర్. ఈసారి గొంతులో వాదన లేదు. "పంపే పోయింది అక్కా. కొత్తది ఎయ్యాలె."

అప్పుడే ఫోన్ మోగింది. హైమవతి.

"ఆండాలు గారూ, ఏమీ అనుకోకండి, గుర్తు చేద్దామని చేశాను. రేపటి వ్రతానికి మా వాళ్లంతా గోదావరి వైపు నుంచి వచ్చారు. పెరుగు దగ్గర మాట వచ్చిందంటే ఏడాదిపాటు చెప్పుకుంటారు. పోయినసారి మీ పెరుగు చాకుతో కోసుకున్నాం, తెలుసా? అలాగే ఉంటుంది కదండీ?"

కారు కడుపు తెరిచి ఉంది. పెట్రోలు కంపు ముక్కులు పగలగొడుతోంది. అరుగు మీద శ్రవణ్ చెవులు రిక్కించాడు.

"గట్లనే ఉంటది మేడం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అంది ఆండాలు.

ఫోన్ పెట్టేసి చూసేసరికి బాలకిషన్ తెరిచిన ట్యాంకు మీదికి వంగి ఉన్నాడు, పెదవుల మధ్య బీడీ. "బీడీ," అంది ఆమె. అంతే. అతను దాన్ని కాలి కింద నలిపి, మూడడుగులు వెనక్కి పోయాడు. ఇల్లు తగలబెట్టడం ఒక్కటే తక్కువ ఈ మనుషులకు అనుకుంది. నిజంగానే తగలబడేది ఆరోజు.

ఖదీర్ బ్యాటరీ వైరు పీకేసి, గొట్టాలు ఊడదీసి, చుట్టూ ఉన్న స్క్రూలు విప్పి పంపును మెల్లగా పైకి లాగాడు. వైర్ల దగ్గర ప్లాస్టిక్ నల్లగా మాడి ఉంది. అడుగున పాదంలా ఉండే జల్లెడ మట్టితో జిడ్డు కట్టింది. దాన్ని అందరికీ చూపిస్తూ ఖదీర్ తిట్టడం మొదలుపెట్టాడు.

"ఇది పెట్రోల్‌ల మునిగి ఉండాలె. పెట్రోలే దీనికి నీళ్లు, పెట్రోలే దీనికి గాలి. మునిగుంటే సల్లగ ఉంటది. మీరేం చేసిండ్రు? ఎప్పుడు చూసినా ఎండబెట్టిండ్రు. ఎండబెట్టి ఉరికించిండ్రు. మాడిపోయింది. కబాడీ గాడు మీసొంటి మనుషులను తీస్కపోవాలె, కారును గాదు."

"అందరిని అంటవేంది భాయ్," అని గొణిగాడు బాలకిషన్.

ఖదీర్ వినిపించుకోలేదు. టార్చి వేసి ట్యాంకులోకి చూస్తున్నాడు. "అందర్ కుచ్ హై, లోపట ఏమో ఉన్నది," అని ఇనుపతీగ వంచి లోపలికి దించాడు. కాసేపు కెలికి ఏదో పైకి లాగాడు. జానెడు పైపు ముక్క. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదేమో, ఇప్పుడు పేడరంగుకు తిరిగింది. వేళ్లతో వంచబోతే పుల్లలా పటుక్కుమంది.

"పెట్రోల్ గుంజిన పైపు. నాని నాని కట్టెలెక్క అయితది ప్లాస్టిక్. ఇరిగి అండ్ల పడ్డది."

ఆండాలు ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. ఎండాకాలం మొదట్లో బర్రెలు కడగడానికి తానే కొన్న పైపు అది. కొన్న వారానికే కొస ఎవరో కోశారు. అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఆమె తల ఎత్తి ముగ్గురినీ చూసింది. బాలకిషన్ శ్రవణ్‌ను చూశాడు. శ్రవణ్ బాలకిషన్‌ను చూశాడు. ఇద్దరి కళ్లలోనూ ఒకటే ఆశ్చర్యం. కొట్టం దగ్గర నిలబడ్డ రామ్‌చందర్ మాత్రం తన స్కూటరును చూశాడు.

అది చాలు. ఆమె పోయి స్కూటరు పక్కడబ్బా తెరిచింది. పాలు వడకట్టే గుడ్డ కింద చుట్ట చుట్టి ఉంది మిగతా పైపు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే. ఈశ్వరుడికి స్కూటరు డబ్బా తెరిచే పనేముంది?  నెలల తరబడి ఆమె మరిదులను తిట్టింది. ఆ తిట్లు వింటూ పక్కనే అన్నం తిన్నాడు ఈ మనిషి. ఒక్కరోజు కూడా ముద్ద దిగకుండా ఆగలేదు.

"నువ్వా?"

రామ్‌చందర్ తల దించుకోలేదు. అదే ఆమెకు ఇంకా మంట. తాను మంచిపని చేసినట్టే ముఖం పెట్టాడు.

"నీకోసమే చేసిన. నువ్వు కష్టపడి పోయించుకుంటవ్. తెల్లారి గాళ్లు తీస్కపోయి తాగుతరు. నీ పెట్రోల్ గాళ్లకెందుకు పోవాలె? అందుకే రోజు తీసి పెట్టిన."

"ఏడ పెట్టినవ్?"

అతని చూపు స్కూటరు ట్యాంకు మీద పడింది. జవాబు అదే చెప్పింది.

శ్రవణ్ పకపకా నవ్వాడు. ఆండాలు అటు తిరిగింది. "నువ్వు నవ్వకు. ఇన్నేండ్లల్ల నువ్వుగానీ, మీ అన్నగానీ ఒక్కనాడన్న గీ ట్యాంకుల చుక్క ఉంచి దిగిండ్రా? గాయిన దొంగ. మీరు పిసినారులు. ముగ్గురు గల్సి బాపు కారును ఎండబెట్టి సంపిండ్రు." నవ్వు ఆగింది. మళ్లీ మొగుడి వైపు తిరిగింది. "గాళ్లు తాగితే తాగేటోళ్లు. పంపన్న బతుకుతుండె. నా పెట్రోల్ కాపాడినవ్, నా బతుకు మాడ్సినవ్. అడిగినన్ని దినాలు నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"చెప్తే లొల్లి చేస్తవని..."

"ఇప్పుడు చేస్తలేనా?"

 బర్రె ఒకటి అరిచింది. ఖదీర్ పాత పంపును గుడ్డలో చుట్టి, ఎవరికివ్వాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆండాలు దాన్ని తీసుకుని మొగుడి చేతిలో పెట్టింది.

"పుత్లీబౌలిల బండి సామాన్ల దుకాణాలకు పో. గిసొంటిదే కొత్తది తీస్కరా. పాతది ఊడదీసింది తేకు. ఖదీర్ భాయ్ దుకాణపోనికి ఫోన్ చేస్తడు. స్కూటర్ మీదనే పో. అండ్ల నా పెట్రోలే ఉన్నది గదా."

రామ్‌చందర్ పోయాడు. అతను తిరిగి వచ్చేలోపు ఖదీర్ ట్యాంకు అడుగున పేరుకున్న మట్టి అంతా గుడ్డలతో తుడిచి తీశాడు. పాలకు వేళవుతుంటే ఆండాలు కొట్టంలోకి పోయి పొదుగులు కడిగింది. ఆమె ముఖం చూసి బర్రె కూడా కదలకుండా నిలబడింది. మనిషి కంటే అది నయం అనిపించి, ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని కూడా కోపంతోనే తుడుచుకుంది.

కొత్త పంపు, కొత్త జల్లెడ, మూత కింద కొత్త రబ్బరు. ఖదీర్ బిగించి, గొట్టాలు తొడిగి, వైర్లు కలిపి, "ఇప్పుడు ఇను," అన్నాడు. ఆమె తాళం సగం తిప్పింది. గుర్రుమంది. గొట్టాలు నిండేదాకా రెండుమూడు సార్లు అలాగే మోగనిచ్చి, అప్పుడు పూర్తిగా తిప్పింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఖదీర్ మూత చుట్టూ వేలితో తడిమి, చెమ్మ లేదని చూసుకుని మూసేశాడు.

సరిగ్గా ఆ సమయానికే కబాడీవాడు ట్రాలీ వేసుకుని సందులోకి వచ్చాడు. నడుస్తున్న కారును చూసి శ్రవణ్ ముఖం చూశాడు.

"ఆగిపోయినంక పిలుస్తరు తీ అన్నా," అంది ఆండాలు కిటికీలోంచి. "ఇప్పుడు జర తొవ్వ ఇయ్యి."

నేరుగా బంకుకు పోయింది. "ఎంతకు అక్కా?" అన్నాడు బంకువాడు.

"నిండ."

వాడు మళ్లీ అడిగాడు. ఆ కారును ఎరిగినవాడే మరి. ఆమె మళ్లీ అదే చెప్పింది. ముల్లు పైకి లేచి, ఏళ్ల తరబడి చూడని చోట నిలబడింది. ఇంటికి వచ్చి ముగ్గురినీ వాకిట్లో నిలబెట్టి ఒక్కటే మాట చెప్పింది. "ముల్లు సగం కిందికి దిగొద్దు. ఎవరు తీస్కపోయినా నింపి దిగుండ్రి."

"నేను నింపితే అన్న తాగుతడు గద వదినె?" అన్నాడు శ్రవణ్. వాడి బాధ నిజమైన బాధే.

"తాగనీ. నువ్వు నింపినంక నేను తాగుత. నేను నింపినంక నువ్వు తాగు. మునిగుంటెనే పంపు బతుకుతదని ఖదీర్ భాయ్ చెప్తే ఇన్లేదా?" కారు తాళం బొడ్లో దోపుకుని పాలు కాచడానికి పోయింది. ఆ రాత్రి మొగుడికి అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

ఆదివారం పొద్దెక్కాక కుండలు ఎక్కించుకుని బయలుదేరింది. గోనెసంచుల మీద, ఎండుగడ్డి మధ్య, మూతలకు తడిగుడ్డలు కట్టుకుని కూర్చున్నాయి కుండలు. ఆమె కారు ఎప్పటిలాగే నత్తనడక నడిచింది. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి. ఆమె పట్టించుకోలేదు.

పెద్దరోడ్డు ఎక్కగానే ముందర ఎవరో ఎండలో బంకు వైపు స్కూటరు తోసుకుంటూ పోతున్నారు. హ్యాండిల్‌కు రెండువైపులా ఖాళీ పాలక్యాన్లు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నిన్న పుత్లీబౌలి పోయివచ్చేసరికే ఉన్నది అడుగంటి ఉంటుంది. కొనుక్కునే అలవాటు తప్పినవాడికి, బంకులో ఆగాలని తోచలేదు కాబోలు.

కారు పక్కకు వచ్చింది. అంత మెల్లగా పోయే కారు కాబట్టి, రామ్‌చందర్ స్కూటరు తోస్తూనే కిటికీ పక్కన నడవగలిగాడు.

"పెట్రోల్ అయిపాయె," అన్నాడు రొప్పుతూ.

"గట్లనా."

"జర ఆపు. నీ ట్యాంకు నిండ ఉన్నది గదా."

"ఉన్నది. పైపు తెచ్చుకున్నవా?"

అతని ముఖం కందిపోయింది. ఇంకో నాలుగడుగులు స్కూటరు తోశాడు. క్యాన్లు స్కూటరుకు తగిలి మోగాయి.

"తప్పయింది," అన్నాడు, రోడ్డును చూస్తూ. "ఇగ చెయ్య. ఒక్కసారి ఆపవే."

ఆ మాట నిన్న వాకిట్లో, తమ్ముళ్ల ముందర అని ఉంటే ఆమె కోపం సగం దిగేది. ఇప్పుడు, ఎండకు కాళ్లు కాలుతుంటే అన్నాడు. అయినా ఆమెకు పాపం అనిపించింది. ఇన్నేళ్ల మొగుడు, చెమటకు కళ్లు మూతలు పడుతున్నాయి. ఆమె కాలు ఒక్క క్షణం బ్రేకు దాకా పోయింది.

"ఆపితే పెరుగు కదుల్తది," అంది.

కాలు వెనక్కి తీసుకుంది. కారు అదే నడకన ముందుకు పోయింది, స్కూటరు మెల్లగా అద్దంలో చిన్నదైంది. కంచన్‌బాగ్‌లో హైమవతి మొదటి కుండ మీది తడిగుడ్డ విప్పి గరిటె గుచ్చింది. గరిటె నిలబడింది. ఆండాలు కోపం కూడా అలాగే ఉంది.